బొమ్మ హెలికాప్టరుకు ఎటువంటి రెక్కలు?

పండుగకో, పిల్లవాడు పరీక్షలో నెగ్గినందుకో రేడియోతో నడిచే హెలికాప్టరు బొమ్మను ఇంటికి తెచ్చుకొన్న కుటుంబాలు నేడు మన పట్టణాలలో అరుదు కాదు. పెట్టె విప్పిన నాటి సంబరం సాధారణంగా మొదటి సాయంత్రం దాకా నిలుస్తుంది. యంత్రం మూరెడు పైకి లేస్తుంది, ఒక ప్రక్కకు ఒరుగుతుంది, నేలను తాకుతుంది. టపటపమని చప్పుడయి రెక్కలు తునుగుతాయి. మరునాడు తండ్రి అంగడికి వెళ్ళి అడిగే మాట ఒక్కటే: "విరగని రెక్కలు ఏమైనా ఉన్నాయా?" అంగడివారు నల్లగా నిగనిగలాడే కార్బన్ ఫైబరు రెక్కల జతను చూపిస్తారు. వెల ఎక్కువ. అయినా గట్టివి గనుక మన్నుతాయి గదా అని కొంటారు. ఆ కొనుగోలు సరియైనదేనా అన్నదే ఈ ప్రసంగంలో మనం విచారించబోయే విషయం. క్రొత్తగా నేర్చుకొనేవారి మట్టుకు అది సరియైనది కాదని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రెక్క పని ఏమిటో తెలియాలి.

ఈ బొమ్మకూ మీ ఇంటి రేడియోకూ చుట్టరికం ఉన్నది. కుర్రవాని చేతిలోని పెట్టె ఒక చిన్న ప్రసార కేంద్రం. బొమ్మ పొట్టలో ఉన్నది ఒక చిన్న రిసీవరు. పూర్వం ఈ బొమ్మలు 27 మెగాహెర్ట్జ్ మొదలైన పౌనఃపున్యాలతో పని చేసేవి. ఇప్పటివి చాలవరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో నడుస్తున్నాయి. తరంగం మోసుకు వచ్చేది మాట కాదు, పాట కాదు. 'కొంచెం కుడికి', 'కొంచెం పైకి' అనే ఆజ్ఞ. ఆ ఆజ్ఞను అందుకొని చిన్న మోటార్లు కొన్ని సన్నని కడ్డీలను కదిలిస్తాయి. కడ్డీలు రెక్కల వాలును మారుస్తాయి. అంతటితో తరంగం పని ముగుస్తుంది. తక్కినదంతా రెక్కల మీదనే ఆధారపడి ఉన్నది.

ఇంట్లో తిరిగే సీలింగు ఫ్యానును తలచుకోండి. మామూలుగా అది నిమిషానికి 350 చుట్ల వరకు తిరుగుతుంది. దాని రెక్క కొన గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నదని లెక్క. ఇక అభ్యాసకులు ఎక్కువగా కొనే 450 తరగతి హెలికాప్టరును తీసుకొందాం. అడ్డుకొలత సుమారు 70 సెంటీమీటర్లు. అనగా మన ఫ్యానులో సగం కంటె కొంచెం ఎక్కువ. అది నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. అప్పుడు రెక్క కొన గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో గాలిని కోస్తుంది. ఆ రెక్క తూకం సుమారు 30 గ్రాములు, అంటే తమలపాకుల చిన్న కట్టంత. కాని ఆ వేగంలో అది తన మొదటనున్న బోల్టును లాగే బలం సుమారు 38 కిలోల బరువుకు సమానం. పన్నెండేళ్ళ కుర్రవాడు ఆ బోల్టును పట్టుకొని వ్రేలాడుతున్నట్లు ఊహించుకోండి. రెండవ ప్రక్క మరొకడు. రెక్కల సంగతి ఇంత శ్రద్ధగా మాట్లాడుకోవడానికి కారణం ఇదే. దీనిని బొమ్మ అనడం మన అలవాటే గాని, యంత్రం దృష్టిలో ఇది బొమ్మ కాదు.

ఇప్పుడు అది నేలను తాకిందనుకొందాం. తిరుగుతున్న రెండు రెక్కలలో నిలువయై ఉన్న శక్తి, కిలో బరువు గల రాయిని మూడంతస్తుల మేడ మీదనుండి జారవిడిస్తే నేలను మోదే శక్తికి దాదాపు సమానం. ఈ శక్తి క్షణంలో ఎక్కడికో పోవాలి. రెక్క మెత్తని కొయ్యదయితే అది చీలి, నలిగి, ముక్కలై ఆ శక్తిలో చాలభాగాన్ని తనలోనే హరించుకొంటుంది. నష్టం రెక్కల జతతో తీరిపోతుంది. రెక్క కార్బన్ ఫైబరుదయితే అంత సులభంగా లొంగదు. తాను లొంగక, ఆ దెబ్బను మొదటికి పంపుతుంది. అక్కడ రెక్కలను పట్టుకొన్న సన్నని ఉక్కు కడ్డీ వంగుతుంది, దాని క్రింది నిలువు ఇరుసు వంగుతుంది, పెద్ద పళ్ళచక్రం పళ్ళు రాలుతాయి, చిన్న మోటార్లలోని గేర్లు అరుగుతాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. పైగా ఇంత చేసి ఆ కార్బన్ రెక్క నిలుస్తుందా అంటే తరచుగా అదీ నిలవదు. విరిగినప్పుడు సూదుల వంటి పేళ్ళుగా విరుగుతుంది. ఆ పేళ్ళు కంటికి ఆనవు. మైదానంలో వట్టి కాళ్ళతో పరుగెత్తే పిల్లల పాదాలలో దిగితే తీయడం కష్టం.

కాబట్టి మన్నిక అన్న మాటను ఒక్క రెక్కకు కాక యంత్రమంతటికీ అన్వయించుకోవాలి. అభ్యాసకుని రెక్క, విరగవలసినప్పుడు విరిగి తక్కిన యంత్రాన్ని కాపాడే రెక్క. మన ఇళ్ళలో కరెంటు ఫ్యూజు తీగ చేసే పని వంటిదే ఇదీ. ఫ్యూజు ఎన్నటికీ పోకూడదని అందులో లావు తీగ వేసే ఇంటి యజమానిని మనం తెలివైనవాడని అనము గదా!

కొయ్య రెక్క అనగానే అది నాసి సరుకని చిన్నచూపు చూడనవసరం లేదు. ఈ విద్య పుట్టుకకు కొయ్య రెక్కలతోనే సంబంధం ఉన్నది. అమెరికాలో ఆర్థర్ యంగ్ అనే ఆయన 1928 నుండి పన్నెండు సంవత్సరాలకు పైగా చిన్న నమూనా హెలికాప్టర్లతోనే ప్రయోగాలు చేశారు. నమూనాలు ఎగిరేవి, పడేవి, విరిగేవి, మళ్ళీ తయారయ్యేవి. రెక్కల క్రింద అడ్డంగా ఒక బరువైన కడ్డీని తగిలిస్తే అది బొంగరం వలె తన తలాన్ని విడవక రోటారును నిలకడగా ఉంచుతుందని ఆయన ఆ నమూనాలతోనే నిరూపించారు. 1941లో బెల్ సంస్థ ఆయనను చేర్చుకొన్నది. అక్కడ రూపొందిన బెల్ 47 హెలికాప్టరుకు 1946 మార్చిలో అమెరికా ప్రభుత్వం పౌర వినియోగానికి అనుమతి పత్రం ఇచ్చింది. అటువంటి పత్రం పొందిన మొదటి హెలికాప్టరు అదే. మనుషులను మోసిన ఆ యంత్రానికి పొరలు పొరలుగా అతికించిన కొయ్యతో చేసిన రెక్కలే ఉండేవి. లోహపు రెక్కలు తరువాత వచ్చాయి. ఇక రేడియోతో నడిచే నమూనాలను చెప్పుచేతలలోకి తెచ్చిన తొలివారిలో ప్రముఖుడు జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్. ఆయన 1970 ప్రాంతంలో ఈ పని సాధించారు. నేటి యంత్రాలలో చాలవాటికి యంగ్ గారి కడ్డీ లేదు. ఆ పనిని ఎలక్ట్రానిక్ పరికరం చేస్తున్నది. రెక్క మాత్రం రెక్కగానే ఉండిపోయింది.

అయితే ఏ కొయ్య అయినా పనికి వస్తుందా అంటే రాదు. మంచి కొయ్య రెక్కను అడ్డంగా కోసి చూస్తే ముందు అంచున గట్టి చేవ కొయ్య, వెనుక భాగాన బాల్సా వంటి తేలికైన కొయ్య కనిపిస్తాయి. కొన్నింటిలో ముందు అంచున సన్నని లోహపు ముక్కను కూడా పొదుగుతారు. బరువు ముందుకు ఉండడమే ఇందులోని రహస్యం. బరువు వెనుకకు జరిగితే వేగం హెచ్చినప్పుడు రెక్క జెండా గుడ్డ వలె కొట్టుకొనడం ప్రారంభిస్తుంది. ఆ కొట్టుకొనడంలో గాలిలోనే విరగవచ్చు. అందువల్లనే, వడ్రంగి చేత ఇంట్లోనే చెక్కించుకొందామనే ఆలోచనను మేము ప్రోత్సహించము. మన వడ్రంగుల నేర్పులో లోపం ఉండి కాదు. ఆ 38 కిలోల లాగుడును లెక్క కట్టి చేసిన మొదలు భాగం, ఆ బరువుల పంపకం కొలతలు లేకుండా చేతికి దొరికేవి కావు.

ఇంట్లోనే ఎగిరే అరచేతి హెలికాప్టర్ల విషయం వేరు. వాటిలో ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు ఎదురెదురు దిశలలో తిరుగుతాయి. వాటి బరువూ వేగమూ తక్కువ. కొయ్య అక్కరలేదు, వంగి మళ్ళీ నిలిచే మెత్తని ప్లాస్టిక్ రెక్కలే వాటికి ఉత్తమం. గోటితో వంచితే విల్లులా వంగి, విడిస్తే నిటారు కావాలి. వంచినచోట తెల్లని గీత పడితే ఆ ప్లాస్టిక్ పెళుసైనదని గ్రహించాలి. ఇక్కడ మరొక చిక్కు. పై జత రెక్కలు, క్రింది జత రెక్కలు చూపుకు ఒకటే అయినా వాటి వాలు ఎదురెదురు. అంగట్లో తొందరలో రెండు జతలూ ఒకే రకానివి తెచ్చుకొంటే యంత్రం నేల విడవదు.

ఈ మెత్తని రెక్కలు అంత మంచివయితే పెద్ద యంత్రానికి కూడా వాటినే వేయవచ్చు గదా అని మీరు అడుగవచ్చు. వేయరాదు. పెద్ద యంత్రంలో మెత్తని రెక్క, ముఖ్యంగా దిగేటప్పుడు చుట్లు తగ్గినవేళ, క్రిందికి వంగి తన తోకనే తాను నరుకుతుంది. గట్టిగా నేలకు దిగినప్పుడు ఇది మరీ తరచు. గ్లాసు ఫైబరు రెక్కలు కొయ్యకూ కార్బనుకూ నడుమవి. నేర్చుకొని, నిలకడగా గాలిలో ఆపడం చేతనయి, ముందుకూ వెనుకకూ తిప్పగలిగినవారు వాటికి మారవచ్చు. కార్బన్ రెక్కల నిజమైన గుణం గాలిలో తెలుస్తుంది. ఆజ్ఞ ఇచ్చిన మరుక్షణం వంగక, మెలిపడక, అన్నది అన్నట్లు చేస్తాయి. పల్టీలు కొట్టించేవారికి అది వరం. నేర్చుకొనేవానికి ఆ చురుకే శత్రువు.

కొనేటప్పుడు యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని వెంట తీసుకువెళ్ళండి. బోల్టు రంధ్రం నుండి కొన వరకు గల పొడవు సరిగా ఉండాలి. 450 తరగతికి సాధారణంగా 325 మిల్లీమీటర్లు. పొడుగు రెక్క ఎక్కువ బరువు ఎత్తుతుందని ఆశపడితే అది తోక రెక్కను తాకగలదు. బోల్టు రంధ్రం వెడల్పు, మొదటి దళసరి కూడా చూడాలి. దళసరి చాలకపోతే రెక్క పట్టులో ఊగుతుంది. అందుకు కాగితం మడతపెట్టి దూర్చేవారున్నారు. అది చేయవద్దు. రెక్కలకు తగిన ఉంగరాలు ఉంటాయి, అవే వేయాలి. ఇక కొన్ని రెక్కల అడుగు చదునుగా, పైభాగం ఉబ్బుగా ఉంటుంది. కొన్నింటికి రెండు వైపులా ఉబ్బు సమానం. తలక్రిందులుగా ఎగిరే యంత్రాలకు రెండవ రకం కావాలి. అభ్యాసకునికి మొదటిది తక్కువ వేగంలోనే ఎత్తుతుంది. కాని రెంటికీ వాలు అమరిక ఒకటి కాదు. పుస్తకం ఏది చెబితే అదే ఉత్తమం.

రెక్కలను ఎప్పుడూ జతగానే కొనాలి. ఒకటి విరిగిందని ఒక్కటే మార్చేవారు డబ్బు మిగిలిందనుకొంటారు. ఆ మిగులు ఎంత ఖరీదైనదో ఒక్క లెక్కతో తెలుస్తుంది. ఒక రెక్క కొన వద్ద ఒక్క గ్రాము బరువు ఎక్కువ ఉంటే, మనం చెప్పుకొన్న వేగంలో ఇరుసును అది రెండు కిలోలకు పైబడిన బలంతో ఒక ప్రక్కకు లాగుతుంది. అదీ సెకనుకు 40 సార్లు దిశ మార్చుకొంటూ. యంత్రం చలిజ్వరం వచ్చినట్లు వణుకుతుంది. మరలు వదులవుతాయి.

జతగా కొన్నవి కూడా సరితూగుతాయని నమ్మవద్దు. ఇంట్లోనే తూచుకోవచ్చు, ఇందుకు బంగారు త్రాసు అక్కరలేదు. మొదట ఒక్కొక్క రెక్కను పెన్సిలు మీద అడ్డంగా నిలిపి, ఎక్కడ నిలుస్తుందో అక్కడ చిన్న గీత గీయండి. రెండు రెక్కలలోనూ ఆ గీత రంధ్రానికి ఒకే దూరాన ఉండాలి. లేకుంటే గీత మొదటికి దగ్గరగా ఉన్న రెక్క కొనకు సన్నని అంటుబిళ్ళ చుట్టాలి. తరువాత రెండింటినీ మొదళ్ళు కలిపి ఒకే బోల్టుకు ఎదురెదురుగా బిగించి, ఆ బోల్టును రెండు గాజు గ్లాసుల అంచుల మీద ఉంచండి. రెక్కలు త్రాసు కాడ వలె నిలుస్తాయి. పైకి లేచిన రెక్క తేలిక. దానిమీద, ఇందాక గీసిన గీత వద్ద, రంగు టేపు ముక్క చుట్టుతూ పోవాలి. కాడ సమంగా నిలిచిన క్షణాన కలిగే తృప్తిని మాటలలో చెప్పలేము. పిల్లల చేతనే చేయించండి. ఫ్యాను గాలి తగలని గది కావాలి, అంతే.

బిగించడంలో కూడా ఒక మెలకువ ఉన్నది. రెక్క బోల్టును శక్తి కొద్దీ బిగించరాదు. యంత్రాన్ని ప్రక్కకు వాల్చి పట్టుకొన్నప్పుడు రెక్క తన బరువుకు జారిపోకుండా నిలవాలి. చిన్న కుదుపు ఇస్తే కదలాలి. తిరిగేటప్పుడు రెక్క తన దారిని తానే సరిచేసుకొనడానికి ఆ మాత్రం స్వేచ్ఛ అవసరం. నేలను తాకినప్పుడు ముడుచుకొనడానికి కూడా ఆ స్వేచ్ఛే ఉపకరిస్తుంది. తరువాత రెండు కొనలకు రెండు రంగుల టేపు వేసి, కనీసం ఐదారు మీటర్ల దూరాన కళ్ళజోడు పెట్టుకొని నిలబడి చూస్తే, ఏ రెక్క పైగా, ఏది క్రిందుగా తిరుగుతున్నదో రంగును బట్టి తెలుస్తుంది. యంత్రాన్ని ఆపిన తరువాతనే, కడ్డీ మరను అరచుట్టు తిప్పి రెంటినీ ఒకే దారికి తేవాలి.

రెక్క సంగతి కాకపోయినా మరొక మాట ఇక్కడే చెప్పాలి. హెలికాప్టరు కాళ్ళ క్రింద రెండు సన్నని బద్దలను కత్తెర వలె కట్టి, నాలుగు కొసలకు నాలుగు పింగ్‌పాంగ్ బంతులు గ్రుచ్చితే యంత్రం ఒరగకుండా నిలుస్తుంది. తొలి నెలలలో ఏ కార్బన్ ఫైబరూ కాపాడలేనన్ని రెక్కలను ఈ బంతులు కాపాడుతాయి. ఎగురవేయడానికి చదునైన ఖాళీ మైదానం ఉత్తమం. కోత అయిన వరిమడి విశాలంగా కనిపించినా, ఆ మోళ్ళు కాళ్ళను పట్టుకొని యంత్రాన్ని బోర్లా పడవేస్తాయి.

పడిన ప్రతిసారీ, విరగకపోయినా సరే, రెక్కలను విప్పి చూడడం విధిగా పెట్టుకోవాలి. కొయ్య రెక్కకు పైన సన్నని ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది; లోపలి పగులును అది దాచిపెడుతుంది. రంధ్రానికి దగ్గరగా గోటితో నొక్కి, మెల్లగా మెలిపెట్టి, చెవికి దగ్గరగా ఉంచి వినాలి. కిర్రుమన్నదా, దానిని పారవేయాలి. గ్లాసు ఫైబరు, కార్బన్ రెక్కలను నాణెంతో వరుసగా తట్టుతూ పోవాలి. పగిలిన కుండను తట్టినట్లు బొద్దు ధ్వని వచ్చినచోట లోపలి పొరలు విడిపోయినట్లే. విరిగిన రెక్కను జిగురుతో అతికించి మరొక సాయంత్రం గడుపుదామనే పొదుపు మాత్రం ఎవరూ చేయవద్దు. జిగురు పెట్టిన ముక్క ఊడితే అది గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఎటు పోతుందో చెప్పలేము. 2013 సెప్టెంబరులో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతంలో తన పెద్ద హెలికాప్టరు నమూనాను ఎగురవేస్తూ 19 సంవత్సరాల యువకుడు దాని రెక్కల దెబ్బకు అక్కడికక్కడే మరణించాడు. అతడు క్రొత్తవాడు కాదు, ఆరితేరినవాడు. చిన్న పిల్లలను యంత్రానికి దూరంగా, నడిపేవాని వెనుక నిలబెట్టడం, రెక్కలు పూర్తిగా ఆగేదాకా దగ్గరికి పోకపోవడం, బ్యాటరీ తగిలించి ఉండగా రెక్కలను ముట్టకపోవడం పెద్దలు పట్టుబట్టి అలవాటు చేయించవలసిన విషయాలు. విరిగిన రెక్కలను కూడా రెండుగా తుంచి పారవేస్తే మంచిది. పిల్లవాడు వాటిని దాచుకొని మళ్ళీ బిగించే ప్రమాదం తప్పుతుంది.

ఇక దాచే పద్ధతి. మన వేసవి ఎండలో మూసిన కారులోగాని, రేకుల కప్పు క్రింద అటక మీదగాని రెక్కలను వదిలివేస్తే ప్లాస్టిక్‌వి సాగుతాయి, కొయ్యవి మెలిపడతాయి. వానకాలంలో కొయ్య చెమ్మను పీల్చుకొని బరువెక్కుతుంది. ఒక రెక్క ఎక్కువగా, ఒకటి తక్కువగా పీల్చుకొంటుంది. జతను వెన్ను వెన్ను కలిపి మెత్తని నూలు దారంతో కట్టి, కాగితంలో చుట్టి, బట్టల బీరువాలో నిలువుగా ఉంచాలి. సెలవుల తరువాత తిరిగి బయటికి తీసినప్పుడు, ఎగురవేయడానికి ముందు, ఆ రెండు గాజు గ్లాసులను మరొకసారి బల్లమీద పెట్టుకోండి.